మార్తత్తయ్య ఎత్తు

మా వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్నతను పొద్దున్నే బొగ్గులు రాజేస్తాడు. నిన్న పాలు తెచ్చుకుని వస్తుంటే, గంజి పెట్టిన తెల్ల నూలుచీర ఒకటి బల్ల మీద పరిచి, నీళ్ళు చిలకరించి, పెట్టె ఆనించాడు. చుయ్యిమంటూ ఆవిరి లేచింది. ఉడికిన అన్నపు గంజి, వేడెక్కిన నూలు, కాస్త బొగ్గు పొగ కలిసిన ఆ వాసన తగలగానే నా కాళ్ళు ఆగిపోయాయి. చీరలేమైనా ఉన్నాయా అమ్మా అని అతను అడుగుతున్నాడు. లేవని తల ఊపాను. అది మార్తత్తయ్య వాసన. ఆవిడ పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆవిడను చూసినవాళ్ళు కూడా ఇప్పుడు ఎక్కువమంది మిగల్లేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆవిడ మాకు చుట్టం కాదు. మా నాన్న బందరులో మిషను స్కూల్లో పంతులుగా చేసే రోజుల్లో ఒక పెంకుటింట్లో రెండు వాటాలుండేవి. ఒక వాటాలో మేము, రెండో దాంట్లో వాళ్ళు. అమ్మ ఆవిడను వదినా అని పిలిచేది కాబట్టి నాకు అత్తయ్య అయింది, ఆవిడ భర్త దేవదానంగారు మావయ్య అయ్యారు. అత్తయ్య ఆసుపత్రిలో నర్సు. మావయ్య అక్కడే మందులు కలిపే కాంపౌండరు. యుద్ధం రోజుల్లో రంగూన్ నుంచి తిరిగొచ్చినవాళ్ళు. పిల్లల్లేరు. అత్తయ్య గుమ్మం దాటాలంటే తల వంచాల్సిందే. మావయ్య ఆవిడ భుజం దాకా వచ్చేవాడు. ఆదివారం చర్చికి బయల్దేరితే, మా పేటలో మిగతా ఆడవాళ్ళంతా మొగుళ్ళ వెనక నాలుగడుగులు దూరంగా నడిచేవాళ్ళు. వీళ్ళిద్దరు మాత్రం పక్కపక్కన నడిచేవాళ్ళు. మావయ్య తలెత్తి ఏదో చెప్తుండేవాడు, ఆవిడ తల వంచి వింటుండేది. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు చూసి నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వు వాళ్ళిద్దరికీ వినపడేదనే నేను అనుకుంటున్నాను.

నాకు పద్నాలుగో ఏడు వచ్చేసరికి నేను నాన్నను దాటిపోయాను. ఇది మా ఇంట్లో చిన్న విషయం కాదు. నాన్నవాళ్ళది ముదినేపల్లి పక్క పల్లె. ఒకరి పొలాల్లో పాలేర్లుగా బతికిన కుటుంబంలో చదువుకుని, పట్నంలో ఉద్యోగం తెచ్చుకున్న మొదటి మనిషి ఆయన. చర్చిలో ముందు వరస బల్లలో కూర్చునేదాకా రావడానికి వాళ్ళు ఎంత కష్టపడ్డారో అమ్మకు తెలుసు. కూతురికి మంచి ఇంట్లో పెళ్ళి చేసి, ఆ మెట్టు జారిపోకుండా నిలబెట్టుకోవాలని ఆవిడ తాపత్రయం. నేనేమో నెలకో వేలెడు పెరుగుతున్నాను. అమ్మ నా జడ కిందకి వేసి అల్లేది, పువ్వులు నడినెత్తికి కాక మెడ దగ్గర పెట్టేది. మడమ ఉన్న చెప్పులు కొననిచ్చేది కాదు. బయటికి వెళ్తుంటే చాటుగా వచ్చి భుజాలు పట్టుకుని కిందకి నొక్కేది. అలా కొంచెం వంచి నడవవే గ్రేసూ, ఎవరికీ తెలీదు అనేది. అమ్మ గొంతులో కోపం ఉండేది కాదు, భయం ఉండేది. అందుకే నేను ఎదురు చెప్పలేకపోయేదాన్ని. వంగి నడిచాను. వంగి కూర్చున్నాను. క్లాసులో లేచి జవాబు చెప్పాల్సి వస్తే, తెలిసినా తెలీదన్నట్టు తల దించుకుని కూర్చునేదాన్ని. లేచి నిలబడితే వెనక నుంచి తాటిచెట్టు అనే మాట వినిపించేది.

ఒక ఏడాది గడిచేసరికి మెడ నుంచి నడుం దాకా ఒకటే నొప్పి మొదలైంది. అమ్మే నన్ను అత్తయ్య దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ నన్ను బోర్లా పడుకోబెట్టి, వెన్నెముక వెంబడి బొటనవేలితో ఒక్కో కణుపూ నొక్కుతూ కిందకి వచ్చింది. ఆ చేతులు పెద్దవి, వెచ్చగా ఉండేవి.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా వంగి నడుస్తున్నావమ్మా?" అంది.

వంగడం లేదు, నా నడకే అంత అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. చిన్నప్పుడు నువ్వు దొడ్లో పరిగెత్తడం నేను చూశాను కదా, నీ నడక ఇది కాదు అంది. తర్వాత అమ్మ వైపు తిరిగి, ఈ వయసులో ఎముకను ఎలా ఉంచితే అలాగే గట్టిపడుతుంది సుశీలా అని నెమ్మదిగా చెప్పింది.

"పెళ్ళయ్యాక నిలబడుతుందిలే వదినా" అంది అమ్మ. ఆవిడ అది వేళాకోళంగా అనలేదు. నిజంగా అలాగే అనుకుంది.

ఆ వారం నుంచీ అత్తయ్య శనివారం మధ్యాహ్నాలు తన చీరలు ఆరేయడానికి నన్ను సాయం పిలవడం మొదలుపెట్టింది. వారానికి సరిపడా తెల్లచీరలు గంజిలో ముంచి, పిండి, దులిపి వేసేది. దొడ్లో దండెం తన ఎత్తుకు కట్టుకుంది. మా రెండు వాటాల్లో ఆవిడ కాక దాన్ని అందుకోగలిగినదాన్ని నేనొక్కదాన్నే. వంగి ఉంటే అందదు. నిక్కి, చేతులు పైకి చాచి వెయ్యాలి. అది వైద్యమని నాకు చాలాకాలం తెలీలేదు. అత్తయ్యకు సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

రంగూన్ సంగతులు నేను విన్నది ఆ దండెం దగ్గరే. ఆవిడ ఏదీ వరసగా చెప్పేది కాదు. చీర ఒక కొస నాకిచ్చి, రెండో కొస తను పట్టుకుని జాడించేటప్పుడు ఒక ముక్క చెప్పేది. మళ్ళీ వారం ఇంకో ముక్క. దివిసీమలో అవనిగడ్డ పక్కన పల్లెలో పుట్టిందట. ఈడొచ్చేసరికి ఊళ్ళో మగవాళ్ళను దాటిపోతే, వచ్చిన సంబంధాలన్నీ గుమ్మంలోనే వెనక్కి తిరిగాయట. ఇక దీనికి పెళ్ళి కాదని తేల్చుకుని వాళ్ళ నాన్న నర్సు పనికి చేర్చాడు. రంగూన్‌లో నర్సులు కావాలంటే ఓడెక్కింది. అక్కడి బజారులో కొట్లన్నీ ఆడవాళ్ళవేనట. బేరం వాళ్ళదే, డబ్బుపెట్టె తాళం వాళ్ళదే. పెళ్ళయినా ఎవరి పేరు వాళ్ళదే. ఆ జనం మధ్య అత్తయ్య తల మూరెడు పైకి కనబడేది. ఎవరూ జాలిపడలేదు. పైన కట్టిన సరుకు అందించమని పిలిచేవాళ్ళు, అందిస్తే నవ్వి ఒక పండు చేతిలో పెట్టేవాళ్ళు.

అయితే అక్కడ మీకు వంక పెట్టేవాళ్ళే లేరా అత్తయ్యా అని ఆశగా అడిగాను.

"ఎందుకు లేరమ్మా. నా గొంతు పెద్దదన్నారు. నడిస్తే చప్పుడన్నారు. ఆడపిల్ల ఇంత గట్టిగా నవ్వుతుందా అని నాతో ఉండే బర్మా పిల్ల రోజూ దిద్దేది. పొడుగు ఒక్కటే వాళ్ళ లెక్కలోకి రాలేదు."

వాళ్ళ వార్డులో రేవుకు వచ్చే నానా దేశాల మనుషులూ ఉండేవాళ్ళట. ఒక పంజాబీ సిపాయి ఆవిడను చూసి, మా చెల్లెళ్ళంతా ఇంతే ఉంటారు, మా ఊరొస్తే నిన్నెవరూ తిరిగి కూడా చూడరు అన్నాడట. గూర్ఖా ఒకతను ఆవిడ చంక కిందకి వచ్చేవాడు, కానీ లేచి నిలబడితే వార్డంతా తనదే అన్నట్టు నిలబడేవాడట. అంత పొట్టి మనిషి, తను పొట్టి అని ఒక్కసారైనా అనుకున్నట్టు లేడు అని ఆవిడ అప్పటికీ ఆశ్చర్యపోయేది. అన్నిటికంటే నాకు బాగా గుర్తున్నది ఒక చీనా ముసలామె సంగతి. ఆమె పాదాలు పసితనంలోనే గుడ్డలతో బిగించి కట్టి, గుప్పెడంత చేసేశారు. మనిషి ఆసరా లేకుండా అడుగు వెయ్యలేదు. వాళ్ళలో అదే అందమట. ఆమె ఒకరోజు అత్తయ్య పాదాలు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఎందుకమ్మా అని అడిగాను. నీకు చిన్నప్పుడే మీ అమ్మ పోయిందా అంది. పాదాలు అంత పెరగనిచ్చారంటే నన్ను చూసుకునేవాళ్ళు లేరనుకుంది. ఆమె పాదాలకు మందు రాస్తూ నేనూ ఆమె గురించి అదే అనుకుంటున్నాను."

ఆ సాయంత్రం ఇంట్లోకి వెళ్ళేసరికి అమ్మ దీపం దగ్గర కూర్చుని నా లంగా అంచు విప్పి, పొడుగు కనబడకుండా అడ్డపట్టీలున్న గుడ్డ అతికి కుడుతోంది. సూదిలో దారం ఎక్కక కళ్ళు చిట్లిస్తోంది. నేను దారం ఎక్కించి ఇచ్చాను. ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలనుకున్నాను గానీ రాలేదు.

వాళ్ళ పెళ్ళి సంగతి మాత్రం మావయ్యే చెప్పాడు. రంగూన్ ఆసుపత్రిలో ఆయనే వచ్చి అడిగాడట. జనం నవ్వుతారండీ అందట అత్తయ్య. ఇక్కడ నవ్వేవాళ్ళ భాష మనకు రాదు, మన భాషలో నవ్వేవాళ్ళు సముద్రం అవతల ఉన్నారు అన్నాడట ఈయన. అప్పటికి వాళ్ళకు తిరిగి రావాల్సి వస్తుందని తెలీదు. బాంబులు పడ్డాక అందరితోపాటు కొండల్లో పడి నడిచారు. దారిలో మావయ్యకు జ్వరం, విరేచనాలు పట్టుకుని కాళ్ళు చచ్చుబడ్డాయి. పడిపోయినవాళ్ళను దారి పక్కన వదిలేసి పోతున్న రోజులు. అత్తయ్య ఆయన్ను చీరతో వీపుకు కట్టుకుని, ఆయన మళ్ళీ నడవగలిగేదాకా మోసుకుంటూ వచ్చింది.

ఈ సంగతి అత్తయ్య నోట నేనెప్పుడూ వినలేదు. మావయ్య ఎవరికైనా చెప్పేవాడు. ఒకసారి వాళ్ళింట్లో ప్రార్థన కూటం పెట్టుకున్నప్పుడు, గుడివాడ నుంచి మావయ్య అన్నగారు యోహానుగారు వచ్చారు. గుడివాడ చర్చిలో పెద్ద, నలుగురిలో మాట చెల్లేవారు. సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు అడిగితే మావయ్య లేచి, నన్ను దేవుడు కాపాడాడు, ఏ చేతులతో కాపాడాడో కూడా చెప్పాలి కదా అని మొత్తం చెప్పేశాడు. ఆడవాళ్ళు అత్తయ్య వైపు చూశారు. ఆవిడ బైబిలు మీద నుంచి కళ్ళెత్తలేదు. కూటం అయ్యాక అరుగు మీద యోహానుగారు తమ్ముణ్ణి పక్కకు పిలిచి మాట్లాడటం నేను విన్నాను. పెళ్ళాం వీపెక్కి వచ్చానని నలుగురిలో చెప్పుకుంటారా, మన ఇంటి మగవాళ్ళ పరువేం కావాలి అంటున్నారు. మావయ్య, నేను బతికి ఉండటమే నా పరువన్నయ్యా అన్నాడు.

చదువు అయిపోయిన ఏడాది నాకు సంబంధం తెచ్చింది ఆ యోహానుగారే. గుడివాడ అబ్బాయి, ఆఫీసులో గుమాస్తా, తెలిసిన కుటుంబం. నాకంటే కొంచెం పొట్టి అని మాకు ముందే తెలుసు. అమ్మ దానికి ఉపాయం ఆలోచించింది. చీర కుచ్చిళ్ళు నేలకు జీరాడేలా కట్టి, లోపల మోకాళ్ళు వంచి నిలబడటం నేర్పింది. వారమంతా వంటింట్లో అలా నిలబెట్టి, దూరంగా వెళ్ళి చూసుకుని, ఇంకొంచెం అనేది. పెళ్ళిచూపుల రోజు నన్ను చాప మీద కూర్చోబెట్టారు. పెద్దావిడ ఉండాలని అత్తయ్యనూ పిలిచారు. అడిగినవాటికి జవాబు చెప్పాను, ఒక కీర్తన పాడాను. అంతా బాగానే ఉంది. అప్పుడు అబ్బాయి తల్లి, పిల్లను ఒకసారి మా వాడి పక్కన నిలబెట్టండమ్మా అంది.

లేచాను. చీర లోపల మోకాళ్ళు వంచి అతని పక్కన నిలబడ్డాను. అతని చెవి దాకా వచ్చాను. అమ్మ ముఖం వెలిగింది. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటూనే ఉన్నారు. నా తొడలు వణకడం మొదలైంది, చెమట వీపు మీద జారుతోంది. తల తిప్పితే వంటింటి గుమ్మంలో అత్తయ్య కనపడింది. ఆవిడ నా ముఖం వైపు చూడటం లేదు. మోకాళ్ళున్న చోట చీర అదురుతుంటే అక్కడ చూస్తోంది. వార్డులో నొప్పి పడుతున్న మనిషిని చూసేటప్పటి చూపు అది. ఒక్క మాట అనలేదు, సైగ చెయ్యలేదు. నేను మోకాళ్ళు చాపి నిటారుగా నిలబడ్డాను.

ఆ అబ్బాయి తలెత్తి నన్ను చూశాడు, చెవులు ఎర్రబడ్డాయి. వెంటనే నేల వైపు చూసుకుంటూ తన వెన్ను నిక్కబెట్టుకోవడానికి ప్రయత్నించాడు. నన్ను వంగమన్నట్టే అతన్ని ఎన్నాళ్ళ నుంచో ఎవరో సాగమంటున్నారని నాకు అర్థమైంది. వాళ్ళ అమ్మ లేచి, ముందే చెప్పి ఉండాల్సిందండీ అని ఒక్క మాటతో బయటికి నడిచింది. యోహానుగారు వాళ్ళ వెంట వెళ్తూ తమ్ముడి వాటా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

అమ్మ ఏడవలేదు. నేరుగా వెళ్ళి అత్తయ్యకు ఎదురుగా నిలబడింది.

"మీరే చెప్పారు కదూ వదినా? మీకు పిల్లల్లేరు. నా పిల్ల సంగతి మీకెందుకు?"

మా అమ్మ నోటి నుంచి అంత పెద్ద మాట నేనెప్పుడూ వినలేదు. అత్తయ్య ముఖంలో రక్తం ఇంకిపోయింది. "అవును సుశీలా. నేనే చెప్పాను" అంది. ఆవిడేమీ చెప్పలేదమ్మా, నా అంతట నేనే నిలబడ్డాను అని నేను ఎంత చెప్పినా అమ్మ వినలేదు. తర్వాత ఒకసారి దొడ్లో కనపడితే, ఎందుకలా ఒప్పుకున్నారని అడిగాను. మీ అమ్మ ఎవరో ఒకరి మీద కోప్పడాలి, నీ మీద కోప్పడితే మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉండాలి కదా అంది. రెండు వాటాల మధ్య తలుపు గడియ పడింది. కొన్నేళ్ళు అలాగే ఉంది.

ఇక సంబంధాలు రాలేదు. పెళ్ళిచూపుల్లో జరిగింది చర్చి చర్చికీ పాకింది. చివరికి నాన్నే ఒక నిర్ణయం తీసుకుని, నన్ను అత్తయ్య పనిచేసే ఆసుపత్రికే నర్సు శిక్షణకు పంపించారు. అమ్మ అడ్డు చెప్పలేదు. అత్తయ్య కథే నా కథ అవుతుందని భయపడిందో, ఇంకో దారి లేదనుకుందో నాకు తెలీదు. శిక్షణలో ఉండగా ఒకసారి టీకాలు వేయడానికి దివిసీమకు వెళ్ళే బృందంలో నన్నూ అత్తయ్యనూ కలిపి వేశారు. బస్సు, పడవ, ఆ తర్వాత కాలినడక. నాగాయలంక అవతల, సముద్రానికి దగ్గరగా బెస్తవాళ్ళ గుడిసెలు. ఇసకలో చేపలు ఎండుతున్నాయి. గంపలెత్తుకుని ఊళ్ళమ్మట అమ్మి వచ్చే ఆడవాళ్ళే అక్కడ ఇల్లు నడిపేవాళ్ళు. టీకా వేయించుకోవడానికి ముందు మగవాళ్ళు జంకారు, ఆడవాళ్ళు ముందుకొచ్చారు. వాళ్ళలో పెద్దావిడ పోలమ్మ, నోట్లో చుట్టతో, నా చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఈ పిల్లని మాకు ఇచ్చీండమ్మా. గంప ఎత్తడానికి ఇంకో మనిషి అక్కర్లేదు. సంతలో నిలబడితే ఆ కొస నుంచి అగుపడుద్ది" అంది అత్తయ్యతో. అందరూ అవునవునన్నారు. నాకు చెవుల్లో వేడి పుట్టింది. నా పొడుగును ఎవరో కోరుకోవడం అదే మొదటిసారి. అంతలో పోలమ్మ నా అరచెయ్యి పట్టుకుని నొక్కి చూసి, పెదవి విరిచింది. "అయ్యో, చేతులు ఇంత మెత్తనా. ఎవురు చేసుకుంటారు" అని నిజంగానే బాధపడింది.

తిరిగి వచ్చేటప్పుడు పడవలో అత్తయ్య నవ్వు ఆపుకోలేకపోయింది. గట్టిగా, నీళ్ళ మీద వినపడేలా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఎందుకో ఏడుపొచ్చింది. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, బందరు నుంచి ఇక్కడికి ఎంత దూరమమ్మా అని అడిగింది. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి వచ్చాం కదా అన్నాను. అంతేగా అంది, ఏటి వైపు చూస్తూ.

నా శిక్షణ పూర్తయ్యే ఏడాది మావయ్య పోయాడు. మందుల గదిలో సీసా అందుకుంటూ కూలిపోయాడు. అమ్మ ఆ కబురు వింటూనే గడియ తీసుకుని వెళ్ళి అత్తయ్య పక్కన కూర్చుంది. గుడివాడ నుంచి యోహానుగారు వచ్చారు. భూస్థాపనకు అంతా సిద్ధమైంది. శవపెట్టె ఎత్తడానికి మగవాళ్ళు ముందుకొచ్చినప్పుడు అత్తయ్య లేచి, ముందు వైపు ఒక భుజం తను పడతానంది.

అలాంటిది బందరులో ఎవరూ చూసి ఎరగరు. యోహానుగారు కుదరదన్నారు. బతికున్నప్పుడు వాడికి మిగలని పరువు పోయాకైనా మిగల్చమన్నారు. పాస్టరుగారు ఇబ్బందిగా, ఆడవాళ్ళు ఎత్తే ఆచారం లేదమ్మా అన్నారు.

"తెలుసండీ అయ్యగారూ. ఆ కొండల్లోనూ ఆచారం లేదు" అంది అత్తయ్య.

ఆవిడ గొంతు పెంచలేదు. పాస్టరుగారు తల దించుకుని, కానివ్వండి అన్నారు. యోహానుగారు అన్నగా తనే రెండో భుజం పట్టడానికి వెళ్ళారు. పెట్టె లేచింది. ఆయనా తమ్ముడి ఎత్తే. అత్తయ్య భుజం పైన, ఆయన భుజం ఎక్కడో కింద. పెట్టె ఒక వైపుకి ఒరిగింది, మీద పెట్టిన పూలు జారి పడ్డాయి. దించండి దించండి అన్నారెవరో. అత్తయ్య చూపు ఎవరి వైపూ తిరగలేదు. ఆవిడ వంగితే సరిపోయేది. కానీ ఆవిడ వంగలేదు.

నేను అడుగు ముందుకు వేశాను. అమ్మ చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. ఆగిపోయాను. అమ్మ నా వైపు చూడలేదు. పెట్టె వైపు, జారిపోతున్న పూల వైపు చూస్తోంది. తర్వాత నెమ్మదిగా చెయ్యి వదిలేసింది.

"వెళ్ళు" అంది. "వంగకే. వంగితే పెట్టె ఒరుగుతుంది."

యోహానుగారు నాకు చోటిచ్చి పక్కకు తప్పుకున్నారు. వెనక భుజాలకు పాటల బృందంలోని పొడుగాటి కుర్రాళ్ళిద్దరు వచ్చారు. సమాధుల దొడ్డి దాకా పెట్టె కదలకుండా వెళ్ళింది. దారిలో అరుగుల మీద వాళ్ళు లేచి నిలబడ్డారు. నవ్వినవాళ్ళు లేరు. యోహానుగారు మా వెనకే నడిచారు. మట్టి వేసేటప్పుడు ఆయన వదినా అని అత్తయ్యను పిలిచి, అక్కడే నేల మీద కూర్చుండిపోయారు. తమ్ముడి భార్యను అలా పిలిచే వరస కాకపోయినా ఆ క్షణాన ఆ పిలుపే వచ్చింది ఆయనకు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు నాకు గుడివాడలో ఉద్యోగం వచ్చింది. మరికొన్నాళ్ళకు, ఆలస్యంగానే, పెళ్ళీ అయింది. ఉయ్యూరులో పనిచేసే సైన్సు మాస్టారు. ఆయన నాకంటే పొడుగే. అందుకు అమ్మ చర్చిలో కానుక వేసి మరీ కృతజ్ఞతలు చెప్పుకుంది. అత్తయ్య మాత్రం ఆయన ఎత్తు సంగతి అడగనే లేదు. నువ్వు మాట్లాడితే పూర్తయ్యేదాకా వింటాడా అని అడిగింది. వింటారన్నాను. సరే అయితే అంది.

నాకు కూతురు పుట్టినప్పుడు, అప్పటికి బాగా ముసలిదైపోయిన అత్తయ్య బస్సెక్కి వచ్చింది. అమ్మ బిడ్డను ఒళ్ళో వేసుకుని కాళ్ళు సాగదీసి చూస్తోంది. దీనికీ తల్లి పోలికే వదినా, కాళ్ళు చూడండి ఎంతున్నాయో అని నిట్టూర్చింది. రంగు గురించి నా ఆడపడుచు ఏదో అంది. అత్తయ్య బిడ్డను అందుకుని, ముఖం వైపు కూడా చూడకుండా ముందు చెవి దగ్గరికి ఎత్తుకుంది. అప్పుడే బిడ్డ ఆకలికి ఏడుపు అందుకుంది. ఆ ముసలి ముఖం విచ్చుకుంది.

"ఏడుపు గట్టిగా ఉంది సుశీలా" అంది.

ఉద్యోగం చేసినంతకాలం పురిటి గదుల్లో గడిపాను. బయట కాచుకున్నవాళ్ళు అడిగేవి ఎప్పుడూ అవే. తెలుపా నలుపా సిస్టరుగారూ, ముక్కు తీరుగా ఉందా, ఎవరి పోలిక అని అడిగేవాళ్ళు. రిటైరై ఇన్నేళ్ళయినా మా వీధిలో ఎవరింట్లో బిడ్డ పుట్టినా నన్ను పిలుస్తారు, ఇప్పటికీ అవే అడుగుతారు. నేను బిడ్డను చెవి దగ్గరికి ఎత్తుకుంటాను. ఏడుపు వినేదాకా ఎవరికీ ఏమీ చెప్పను.